అశోక్ లేలాండ్: ఎన్నూరు నుంచి మల్లవల్లి దాకా (ఈ సంస్థ బస్సులు చేసిందా, ఛాసిస్‌లు చేసిందా?)

ఎన్నూరు గాలి (తిరువొత్తియూరు, చెన్నై)

సభ్యులందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం వార్షిక సంచికలో ఈసారి చెన్నై పరిశ్రమల గురించి వరుసగా వ్యాసాలు వేస్తున్నారు. అందులో అశోక్ లేలాండ్ బస్సుల చరిత్ర రాసే బాధ్యత నా మీద పడింది. లారీల సంగతి మరొకరు రాస్తున్నారు కనుక ఇక్కడ బస్సుల వరకే మాట్లాడుకుందామని మనవి.

నేను సమకూర్చుకున్న వివరాలు ఇవి. 1948 సెప్టెంబరు 7న రఘునందన్ శరణ్ అనే స్వాతంత్ర్య సమరయోధుడు ‘అశోక్ మోటార్స్’ను స్థాపించారు. అశోక్ అన్నది ఆయన ఏకైక కుమారుడి పేరు. చెన్నైలోని ఎన్నూరులో మొదట బిగించినవి బస్సులూ కావు, లారీలూ కావు; ఇంగ్లండు నుంచి విడిభాగాలుగా వచ్చిన ఆస్టిన్ కార్లు. 1950లో ఇంగ్లండులోని లేలాండ్ మోటార్స్‌తో ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడు మొదటి లేలాండ్ ఛాసిస్‌లు (ఇంజిను, చక్రాలు బిగించిన, బాడీ లేని అడుగు చట్రాలు) తయారయ్యాయి. శరణ్ గారు విమాన ప్రమాదంలో మరణించిన తరువాత మద్రాసు రాష్ట్ర ప్రభుత్వమూ ఇతర వాటాదారులూ చొరవ తీసుకుని లేలాండ్‌ను భాగస్వామిగా చేర్చుకున్నారు. 1955లో సంస్థ పేరు అశోక్ లేలాండ్‌గా మారింది.

ఇంతవరకు చిక్కు లేదు. బస్సుల పట్టిక వేయబోతేనే చేయి ఆగిపోయింది. కామెట్, టైటాన్, వైకింగ్, చీతా అని రాసుకుంటూ పోతే అవన్నీ ఛాసిస్‌ల పేర్లే. ప్రయాణికుడు ఎక్కిన బస్సు, అంటే కిటికీలు, సీట్లు, ఫుట్‌బోర్డు, రేకు, రంగు, ఇవన్నీ వేరే చోట, వేరే చేతులు కట్టినవి. అలాంటప్పుడు ఈ సంస్థ ఉత్పత్తులుగా వేటిని చెప్పాలి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

ఛాసిస్ నంబరు (అంబత్తూరు, చెన్నై)

మంచి ప్రశ్న అడిగారు. ఈ చరిత్ర రాసేవారు చాలామంది దీన్ని దాటవేసి నేరుగా పేర్ల పట్టికలోకి వెళ్ళిపోతారు.

మన దేశంలో ఇటీవలి దాకా బస్సు తయారీదారు అమ్మిన సరుకు ఛాసిస్సే. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డదూలాలు, ముందు ఇంజిను, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక యాక్సిల్, కమానుపట్టీలు, స్టీరింగు, డీజిల్ ట్యాంకు, చక్రాలు. అంతటితో సరి. కప్పు లేదు, తలుపు లేదు, డ్రైవరుకు సరైన సీటు కూడా లేదు. ఎన్నూరు నుంచో హోసూరు నుంచో బయలుదేరిన ఈ అస్థిపంజరాలను బాడీ కట్టే ఊళ్ళకు తోలుకుపోయే డ్రైవర్లను జాతీయ రహదారి మీద చూడనివారు ఉండరు. తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూర్చుని, తలకూ చెవులకూ తువ్వాలు చుట్టుకుని, ఎదురుగా అద్దమైనా లేకుండా ఎండలోనూ వానలోనూ వందల కిలోమీటర్లు నడుపుతారు. ఒక్కోసారి నాలుగైదు ఛాసిస్‌లు వరుసగా పోతుంటాయి. మన బస్సు పరిశ్రమ ఎలా నడిచిందో తెలియాలంటే ఆ దృశ్యం చాలు.

ఛాసిస్ చేరాక తమిళనాడులోని కరూరు వంటి ఊళ్ళలోని బాడీ షాపులు ప్రైవేటు యజమానులకు బాడీలు కట్టేవి. ప్రభుత్వ రవాణా సంస్థల్లో కొన్ని తమ సొంత కర్మాగారాల్లోనే కట్టుకునేవి. అందుకే ఒకే వైకింగ్ ఛాసిస్ చెన్నైలో ఒక ముఖంతోనూ, హైదరాబాదులో మరొక ముఖంతోనూ, కొలంబోలో ఇంకొక ముఖంతోనూ కనబడుతుంది. నన్నడిగితే మీ వ్యాసంలో ఉత్పత్తులుగా ఛాసిస్‌లనే చెప్పండి. అయితే ప్రతి ఛాసిస్ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది బస్సు కోసమే గీసినదా, లారీకి గీసిన దాన్ని బస్సుకు సర్దినదా? చరిత్రంతా అందులోనే ఉంది.

పాత టికెట్టు (పెరంబూరు, చెన్నై)

ఎన్నూరు గాలి గారూ, మీరు 1948 దగ్గర మొదలుపెట్టారు గాని, బస్సుల వంశం చెప్పాలంటే ఇంకా వెనక్కు వెళ్ళాలి. లేలాండ్ అన్నది ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతంలోని ఒక ఊరు. అక్కడ 1896లో మొదలైన లాంకషైర్ స్టీమ్ మోటార్ కంపెనీయే 1907లో లేలాండ్ మోటార్స్ అయింది. బస్సుల చరిత్రలో ఆ సంస్థకు పెద్దపీట దక్కింది 1927లో వచ్చిన టైటాన్, టైగర్ నమూనాల వల్ల. టైటాన్ రెండంతస్తుల బస్సు, టైగర్ ఒక అంతస్తుది. అప్పటివరకు ఎత్తుగా, లారీ మీద గది కట్టినట్టుండే బస్సుకు బదులు నేలను కిందికి దించి, బరువు తగ్గించి, బస్సు కోసమే గీసిన ఛాసిస్‌లు అవి. పైన ఛాసిస్ నంబరు గారు వేసుకోమన్న ప్రశ్నకు లేలాండ్ 1927లోనే సమాధానం చెప్పింది. అదే లేలాండ్ పేరు పెట్టుకున్న మన సంస్థకు ఆ సమాధానం దగ్గరకు రావడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో చూడండి.

మన తెలుగువారికి దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే ఆధ్వర్యంలో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. నేటి ఆర్టీసీలకు మూలం అదే. నాటి బస్సుల్లో స్కాట్లాండ్‌కు చెందిన ఆల్బియన్ కంపెనీవి ఉన్నాయి. ఆ ఆల్బియన్‌ను 1951లో లేలాండ్ కొనేసింది. ‘వైకింగ్’ అన్న పేరు కూడా మొదట ఆల్బియన్ బస్సులకు ఉన్నదే. కాబట్టి తెలుగు నేల మీద ఈ వంశపు బస్సులు ఎన్నూరు కర్మాగారం పుట్టకముందే తిరిగాయనడం అతిశయోక్తి కాదు.

ఎన్నూరులో 1951లో తయారైన తొలి నాలుగు ఛాసిస్‌లను కొన్నది ఏ బస్సు సంస్థో కాదు, మంగళూరు పెంకుల కర్మాగారం. అంటే మొదటి అడుగు సరుకు రవాణా వైపే పడింది. ఇది మీ వ్యాసంలో తప్పక చేర్చండి.

డిపో మెకానిక్ (విజయవాడ, ప్రస్తుతం విల్లివాక్కం, చెన్నై)

అయ్యా, నేను ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పుస్తకాల సంగతి మీకు తెలుసు, బోల్టుల సంగతి నాకు తెలుసు.

కామెట్ అన్నది గట్టి బండి, అందులో సందేహం లేదు. కాని దాని పుట్టుక లారీ పుట్టుక. ముందు యాక్సిల్ దాదాపు బండి మొదట్లోనే ఉంటుంది కాబట్టి చక్రానికి ముందు తలుపు పెట్టడానికి చోటుండదు. బాడీ కట్టేవారు తలుపును చక్రం వెనక ఎక్కడో పెట్టేవారు. ఎక్కేవాడు డ్రైవరుకు కనబడడు. కండక్టరు విజిలే దిక్కు. 1976లో వైకింగ్ వచ్చినప్పుడు జరిగిన అసలు మార్పు ఇక్కడే. ముందు యాక్సిల్‌ను వెనక్కు జరిపి, దాని ముందు భాగాన్ని పొడిగించారు. దాంతో ముందు తలుపు చక్రానికి ముందుకు, డ్రైవరుకు సరిగ్గా ఎడమ పక్కకు వచ్చింది. డ్రైవరు మెడ తిప్పితే మెట్టు మీది మనిషి కనబడతాడు. డైనమో స్థానంలో ఆల్టర్నేటరు రావడం కూడా వైకింగ్‌తోనే మొదలైంది. రాత్రి సర్వీసుల్లో లోపలి దీపాలన్నీ వేసి, ఇంజిను నడుస్తూ బస్సు ఆగి ఉన్నప్పుడు కూడా బ్యాటరీ దిగిపోకుండా కాపాడింది అదే. ఇప్పటివాళ్ళకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు గాని, తెల్లవారుజామున డిపోలో బస్సును తోసి స్టార్టు చేసిన చేతులకు దాని విలువ తెలుస్తుంది.

అయితే ఇంజిను మాత్రం డ్రైవరు పక్కనే, బస్సు లోపలే మిగిలింది. దాని మీద రెక్సిను దుప్పటి కప్పిన బానెట్టు. చలికాలం ఆ బానెట్టు మీద కూర్చోవడానికి పిల్లలు పోటీపడేవారు, ఎండాకాలం డ్రైవరు ఎడమ కాలు ఉడికిపోయేది. గేరు రాడ్డు చూడండి: గేరుబాక్సు డ్రైవరు సీటుకు వెనకగా ఉంటుంది కాబట్టి రాడ్డును వంచి ముందుకు తెచ్చేవారు. పాతబడిన కొద్దీ అది మోకాలంత దూరం ఊగుతుంది. రెండో గేరు ఎక్కడుందో డ్రైవరుకు తప్ప వేరెవరికీ దొరకదు.

మెజెస్టిక్ (బెంగళూరు)

డిపో మెకానిక్ గారి టపా చదివి ఆనందించాను. కాని ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. వైకింగ్‌ను ఇంతగా మెచ్చుకోవడం వల్లనే మన నగరాల్లో ప్రయాణికుడు ముప్ఫై ఏళ్ళపాటు ఎత్తైన మెట్లు ఎక్కాడు. 2006లో బెంగళూరులో వోల్వో లోఫ్లోర్ (నేల బాగా కిందికి ఉండే) బస్సులు దిగేవరకు, వెనక ఇంజినుతో, ఎయిర్ సస్పెన్షనుతో, ఒక్క అడుగులో ఎక్కగలిగే సిటీ బస్సు ఎలా ఉంటుందో మనలో ఎవరికీ తెలియదు. అది వచ్చాకే మిగతా తయారీదారులు కదిలారు.

ఇందులో తమాషా ఏమిటంటే, 1968లో లేలాండ్ సంస్థ బ్రిటిష్ లేలాండ్ అనే మహా సమూహంలో కలిసిపోయి, ఆ సమూహం కుప్పకూలి ముక్కలైనప్పుడు, ఇంగ్లండులోని లేలాండ్ బస్సు విభాగం 1988లో వోల్వో చేతికే వెళ్ళింది. అంతకు ముందు ఏడాది, 1987లో, అశోక్ లేలాండ్‌లో ఉన్న విదేశీ వాటాను హిందూజా వ్యాపార కుటుంబం ఇటలీకి చెందిన ఇవెకోతో కలిసి కొన్నది. అంటే ఒకే ఇంటి ఆస్తి ఏడాది తేడాతో ఇద్దరికి చేరింది. ఒక వాటాదారు కర్మాగారం ఎన్నూరు, హోసూరుల్లో ఉంది. మరొకరు తరువాత మా హొసకోటెలో కర్మాగారం పెట్టుకున్నారు. మెజెస్టిక్ బస్టాండులో పోటీపడింది దాయాదులే.

ఛాసిస్ నంబరు (అంబత్తూరు, చెన్నై)

మెజెస్టిక్ గారూ, దాయాదుల సంగతి బాగుంది, కాని “వోల్వో వచ్చేవరకు తెలియదు” అన్నది నిలబడదు. దేశంలో మొదటి వెనక ఇంజిను బస్సు ఛాసిస్ 1978 నాటి అశోక్ లేలాండ్ చీతా. వోల్వో బెంగళూరు సిటీకి రావడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. సంస్థకు తెలివి లేక కాదు, కొనేవారు కోరలేదు.

ఎందుకు కోరలేదో కూడా చెప్పాలి. ఇంజిను ముందుంటే రేడియేటరుకు ఎదురుగాలి తగులుతుంది. వెనకకు పోతే ఆ గాలి ఉండదు. పైగా చక్రాలు లేపిన దుమ్మంతా అక్కడికే చేరుతుంది. ఫిల్టర్లు తొందరగా మూసుకుపోతాయి, ఇంజిను వేడెక్కుతుంది. గేరు మార్చే లింకేజీ బస్సు పొడవునా సాగాలి, క్లచ్చు తీగ, ఆక్సిలరేటరు తీగ కూడా అంతే. ముందున్న ఇంజినులో తేడా వస్తే డ్రైవరు చెవికి వెంటనే తెలుస్తుంది, వెనకనున్నది పొగ కక్కేవరకు తెలియదు. ఇవన్నీ పరిష్కారం లేని సమస్యలేమీ కావు, కాని ప్రతి పరిష్కారానికీ డబ్బు కావాలి. మన రవాణా సంస్థలకు టికెట్టు ధర పెంచే స్వేచ్ఛ లేదు, కొనుగోలు టెండరులో అతి తక్కువ ధర చెప్పినవారిదే గెలుపు. ఆ లెక్కలో ముందు ఇంజిను వైకింగ్‌ను ఓడించగల బస్సు లేదు. వోల్వో వచ్చింది ఏసీ బస్సుగా, ఎక్కువ ఛార్జీతో. సాధారణ ఛార్జీకి ఆ బస్సును నడపమంటే ఏ సంస్థ ముందుకు వచ్చేది?

ఇంకొక మాట. 1980లలో జపాను సంస్థ హీనోతో సాంకేతిక ఒప్పందం కుదిరి, ఆరు సిలిండర్ల హీనో ఇంజిన్లు ఇక్కడ తయారవడం మొదలైంది. వైకింగ్ అన్నేళ్ళు బతకడానికి ఆ ఇంజిన్ల పాత్ర చాలా ఉంది. పేరు ఇంగ్లండుది, గుండె జపానుది.

డిపో మెకానిక్ (విల్లివాక్కం, చెన్నై)

ఛాసిస్ నంబరు గారు న్యాయంగా చెప్పారు. ఇంజిన్ల మాట వచ్చింది కనుక ఒకటి చేర్చుతాను. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-4 నిబంధన వచ్చినప్పుడు చాలామంది తయారీదారులు డీజిల్‌ను కంప్యూటరు అదుపులో చిమ్మే కామన్ రైల్ పద్ధతికీ, యూరియా ద్రావణం పోసే పద్ధతికీ వెళ్ళారు. అశోక్ లేలాండ్ మాత్రం డీజిల్ అందించే పాత ఇన్‌లైన్ పంపునే ఉంచి, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజినులోకి పంపే ఏర్పాటుతో ఆ నిబంధనను అందుకుంది. గ్యారేజీ భాషలో చెప్పాలంటే, బస్సు దారిలో ఆగితే ల్యాప్‌టాప్ పట్టుకొచ్చేవాడి కోసం ఎదురుచూడకుండా స్పానరుతో పని జరిగింది. 2020లో బీఎస్-6 వచ్చాక ఆ రోజులు పోయాయనుకోండి.

పాత టికెట్టు (పెరంబూరు, చెన్నై)

వైకింగ్ నీడలో టైటాన్‌ను మరిచిపోవద్దు. 1967లో ఎన్నూరు నుంచి వచ్చిన రెండంతస్తుల టైటాన్, ఇంగ్లండు పీడీ3 నమూనాకు మన రూపం. విశేషమేమిటంటే, లారీ నుంచి సర్దినది కాకుండా బస్సుగానే పుట్టిన ఛాసిస్ అది. నేల కిందికి ఉంటుంది, ఇంజిను పక్కన డ్రైవరుకు విడిగా చిన్న గది ఉంటుంది, ప్రయాణికుల గదితో దానికి సంబంధం ఉండదు. కండక్టరు గంట కొడితేనే బండి కదలాలి. బొంబాయిలో ఈ బండ్లు ఒక తరానికి ఊరి గుర్తుగా నిలిచాయి. మద్రాసులోనూ తిరిగి ఆగిపోయాయి. 1990ల చివర్లో తాంబరం దారిలో రెండంతస్తుల బస్సులు మళ్ళీ కనబడి, పదేళ్ళకు మళ్ళీ వెళ్ళిపోయాయి. ఫ్లైఓవర్లు, తీగలు, చెట్ల కొమ్మలు, మలుపుల్లో ఇబ్బంది అని కారణాలు చెప్పారు. రెండో కండక్టరు జీతం అన్న కారణాన్ని మాత్రం ఎవరూ గట్టిగా పలకలేదు.

1980ల తొలి ఏళ్ళలో వెస్టిబ్యూల్ బస్సు కూడా వచ్చింది. రెండు పెట్టెలను మధ్యలో ముడతల తెరతో కలిపిన పొడవాటి బస్సు. పిల్లలకు ఆ మధ్యభాగంలో నిలబడి మలుపులో నేల తిరగడం చూడటం సరదా. పైకి పెంచలేనప్పుడు వెనక్కు పెంచారు, అంతే. దాని గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు.

చదును నేల (అడయారు, చెన్నై)

ఈ చర్చంతా ఇంజిను ఎక్కడుందన్న దాని చుట్టూ తిరుగుతోంది. నేను చక్రాల కుర్చీలో ఉండి బస్సును చూసేదాన్ని కాబట్టి ఎత్తు గురించి రాస్తాను.

2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ నగర బస్సులకు ప్రమాణాలు ప్రకటించింది. అందులో నేల ఎత్తు మూడు రకాలు: 400 మిల్లీమీటర్లు, 650 మిల్లీమీటర్లు, 900 మిల్లీమీటర్లు. లారీ వంశపు పాత ఛాసిస్ మీద కట్టిన బస్సు నేల మీటరు దాటి ఉండేది. ఈ అంకెలను మనుషుల్లోకి మార్చి చూడండి. 900 అంటే రెండు మూడు మెట్లు. ముసలివారు చేతులతో కడ్డీ పట్టుకుని ఒళ్ళు లాక్కోవాలి. 650 అంటే ఒక మెట్టు తగ్గింది, కాని చక్రాల కుర్చీకి అది కూడా గోడే. 400 అయితేనే, బస్సు స్టాపు వైపుకు వంగి, పలక దించితే, ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలం. వంగడం అంటే వింతేమీ లేదు: ఎయిర్ సస్పెన్షను బెలూన్లలో ఒక పక్కవాటి నుంచి గాలి వదులుతారు, ఆ పక్క బస్సు కొన్ని అంగుళాలు దిగుతుంది.

అశోక్ లేలాండ్ చేసిన జన్‌బస్ గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు. ముందు ఇంజినునే ఉంచుతూ, తలుపు దగ్గర ఒకే మెట్టుతో, లోపల చివరిదాకా మెట్లు లేని చదును నేల ఇవ్వడం దాని ప్రత్యేకత. ఇంజనీర్లకు అది గొప్ప పనే కావచ్చు. నా దృష్టిలో మాత్రం, వెనక ఇంజినుకు డబ్బు పెట్టకుండా సమస్యను దాటవేసే తెలివి అది. ఒక్క మెట్టూ మెట్టే.

చెన్నైలో లోఫ్లోర్ బస్సుల కోసం దివ్యాంగుల హక్కుల కార్యకర్తలు మద్రాసు హైకోర్టులో ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. ఇరుకు దారులు, వాన నీరు, స్పీడ్‌బ్రేకర్లు అని అభ్యంతరాలు వచ్చాయి. చివరకు 2024 ఆగస్టులో చెన్నై నగర రవాణా సంస్థ ఎంటీసీ 58 కొత్త లోఫ్లోర్ బస్సులను దించింది. అవి అశోక్ లేలాండ్ చేసినవే. అంటే 1978లో వెనక ఇంజిను చేయగలిగిన సంస్థ, తన సొంత ఊరిలో నేనెక్కగల బస్సును 2024లో ఇచ్చింది.

డిపో మెకానిక్ (విల్లివాక్కం, చెన్నై)

అమ్మా, మీ బాధ కాదనను. కాని గ్యారేజీ వైపు నుంచి ఒక మాట. డిసెంబరు వానల్లో ఈ ఊరి రోడ్ల మీద నీళ్ళు ఎంత ఎత్తున నిలుస్తాయో మీకు తెలుసు. 400 మిల్లీమీటర్ల బస్సులో నీళ్ళు నేల మీదికే వస్తాయి. కింద ఉన్న గాలి గొట్టాలు, వాల్వులు బురదలో తడుస్తాయి. అవి బాగు చేసేది మా వాళ్ళే.

చదును నేల (అడయారు, చెన్నై)

అయ్యగారూ, నీళ్ళు అంత ఎత్తున నిలిచిన రోజున ఎత్తైన బస్సులు కూడా డిపోలోనే ఉంటాయి కదండీ. సంవత్సరంలో కొద్ది రోజుల వాన కోసం మిగిలిన రోజులన్నీ మమ్మల్ని స్టాపులో వదిలేయడం లెక్క ప్రకారం కూడా సబబు కాదు. రోడ్డు చెడితే రోడ్డును బాగుచేయాలని గట్టిగా అడిగే అవకాశం లోఫ్లోర్ బస్సే ఇస్తుంది.

గన్నవరం (కృష్ణా జిల్లా, ఉద్యోగం గిండీ, చెన్నై)

కొత్త కాలం సంగతులు నేను చేర్చుతాను. 2010లో అశోక్ లేలాండ్ ఇంగ్లండు బస్సు సంస్థ ఆప్టేర్‌లో 26 శాతం వాటా తీసుకుంది, ఆ తరువాత దాన్ని 75 శాతం దాటించింది. ఆప్టేర్‌కు సోలో, వెర్సా, మెట్రోడెక్కర్ వంటి తేలికైన లోఫ్లోర్ బస్సులు ఉన్నాయి. విద్యుత్ బస్సుల అనుభవమూ ఉంది. ఇక్కడ 2016 అక్టోబరులో ‘సర్క్యూట్’ పేరుతో సంస్థ తన తొలి విద్యుత్ బస్సును చూపించింది. 2020లో ఆప్టేర్ పేరును స్విచ్ మొబిలిటీగా మార్చి, విద్యుత్ వాహనాల పనిని ఆ పేరు కిందికి తెచ్చారు.

2022 ఆగస్టులో ముంబయిలో ఆవిష్కరించిన ఈఐవీ 22, విద్యుత్తుతో నడిచే ఏసీ డబుల్ డెక్కరు: 231 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, ఒక ఛార్జింగుకు 250 కిలోమీటర్ల వరకు పరుగు, అల్యూమినియం బాడీ. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో కూడా ఈ రకం బస్సులు మూడు మొదలయ్యాయి. చెన్నైలో 2025 జూన్ 30న వ్యాసర్పాడి డిపో నుంచి 120 విద్యుత్ లోఫ్లోర్ బస్సులు బయలుదేరాయి. అవీ స్విచ్ తయారీయే.

అసలు చెప్పదలచినది మా ఊరి పక్కది. 2025 మార్చి 19న బాపులపాడు మండలం మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సు కర్మాగారాన్ని మంత్రి నారా లోకేశ్ ప్రారంభించారు. 2018లో శంకుస్థాపన జరిగి, చాలాకాలం నిలిచి, చివరకు తెరుచుకుంది. ఎన్నూరు గాలి గారి మొదటి ప్రశ్నకు ఇది సూటి జవాబని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ తయారయ్యేది ఛాసిస్ కాదు, బాడీతో సహా పూర్తి బస్సు. బాడీకి కూడా కేంద్ర ప్రమాణాలు వచ్చాక, ఊరూరా రేకు కొట్టి బాడీ కట్టే పద్ధతికి కాలం చెల్లుతోంది.

పాత టికెట్టు (పెరంబూరు, చెన్నై)

గన్నవరం గారూ, ఆప్టేర్ పూర్వచరిత్ర కూడా తెలిస్తే మన వ్యాసకర్తకు ఉపయోగం. లీడ్స్ నగరంలో చార్లెస్ రో అనే బాడీ కర్మాగారం ఉండేది. అది లేలాండ్ సమూహంలోనిది. 1984లో లేలాండ్ దాన్ని మూసేసింది. అదే చోట, పాత ఉద్యోగుల పూనికతో, 1985లో పుట్టినదే ఆప్టేర్. లేలాండ్ వద్దనుకుని మూసిన కర్మాగారపు వారసత్వాన్ని పాతికేళ్ళ తరువాత మద్రాసు లేలాండ్ వెళ్ళి కొనుక్కుంది.

మల్లవల్లి తలుపులు తెరుచుకున్న 2025 మార్చి నెలలోనే, ఇంగ్లండులో స్విచ్ (పాత ఆప్టేర్) వారి షెర్బర్న్ కర్మాగారంలో బస్సుల తయారీ ఆపే విషయమై ఉద్యోగులతో సంప్రదింపులు మొదలుపెడుతున్నట్టు సంస్థ ప్రకటించింది. ఈ రెండింటినీ ఒకే పేరాలో రాయండి. వ్యాఖ్యానం అక్కరలేదు.

ఎన్నూరు గాలి (తిరువొత్తియూరు, చెన్నై)

అందరికీ కృతజ్ఞతలు. పట్టిక స్వరూపం ఇప్పుడు స్పష్టపడింది: పేరు, సంవత్సరం అన్న రెండు గడులతో సరిపెట్టకుండా, ఇంజిను స్థానం, తలుపు స్థానం, నేల ఎత్తు, బాడీ ఎవరు కట్టారు అన్న గడులు కూడా వేస్తాను. ఎగుమతులకు శ్రీలంక, బంగ్లాదేశ్‌లతో పాటు గల్ఫులోని రాస్ అల్ ఖైమా బస్సు కర్మాగారాన్ని ఒక వాక్యంలో చెబుతాను.

ఇంకొక్క సందేహం. తమ బస్సులు రోజుకు 7 కోట్ల మందిని మోస్తాయని, అది దేశ రైళ్ళన్నీ కలిసి మోసేదానికన్నా ఎక్కువని సంస్థ చాలాకాలంగా చెప్పుకుంటోంది. దీన్ని వేయవచ్చా?

ఛాసిస్ నంబరు (అంబత్తూరు, చెన్నై)

“సంస్థ చెప్పుకునే లెక్క ప్రకారం” అని చేర్చి వేయండి. రైళ్ళ మాట వరకు నమ్మదగినదే, ఎందుకంటే కరోనాకు ముందు రైల్వే మోసింది రోజుకు సుమారు 2.3 కోట్ల మందినే. 7 కోట్లు మాత్రం ఎవరూ టికెట్లు లెక్కపెట్టి చెప్పినది కాదు. రోడ్డు మీదున్న బస్సులను ఒక్కో బస్సు రోజుకు ఎక్కించుకునే సగటుతో గుణిస్తే వచ్చేది. ఒకే మనిషి మూడు బస్సులు మారితే ముగ్గురవుతాడు. పైగా, ఆ మనుషులు ఎక్కినది కరూరు బాడీయో ఆర్టీసీ బాడీయో కదా. లెక్కకు వచ్చేసరికి మాత్రం అది పూర్తిగా సంస్థ బస్సే.

డిపో మెకానిక్ (విల్లివాక్కం, చెన్నై)

వ్యాసానికి ఫొటోలు తీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బాడీ చూసి ఛాసిస్ ఏదో పోల్చడం కుదరదు, ముందు ముఖాలు ఎవరికి తోచినట్టు వారు కట్టారు. ముందు చక్రం ఎక్కడుందో, తలుపు దానికి ముందుందో వెనకుందో చూడండి. తలుపు ముందే ఉండి, లోపల డ్రైవరు పక్కన బానెట్టు ఉంటే అది వైకింగ్ కాలపు వరసలోది. బానెట్టు లేకుండా వెనక రేకుకు జాలీ కిటికీలుంటే ఇంజిను వెనక ఉన్నట్టు. పాత కామెట్ ఎక్కడైనా స్కూలు ఆవరణలోనో తుక్కు కొట్టులోనో దొరికితే స్టీరింగు కింద రివిట్లతో బిగించిన చిన్న రేకు పలక ఉంటుంది, ఛాసిస్ నంబరు దాని మీద కొట్టి ఉంటుంది. తుప్పును కిరోసిను గుడ్డతో తుడిచి ఫొటో తీయండి, సాండ్‌పేపరు మాత్రం పెట్టకండి, అంకెలు పోతాయి.